దయామణి ఇచ్చిన శాంపిల్

దెయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. అది చదువుతో వచ్చిన ధైర్యం కూడా కాదు, మా ఇంట్లోనే ఆ భయం లేదు. మా నాన్నగారు రాజోలు దగ్గర కాలువగట్టు మీద ఉన్న ఒక చిన్న ఊళ్ళో పాస్టరు. చనిపోయినవాళ్ళు ఆఖరి దినం వరకూ నిద్రలో ఉంటారనీ, మధ్యలో లేచి ఊళ్ళమ్మట తిరగరనీ నాకు ఊహ తెలిసినప్పుడే చెప్పారు. సమాధుల తోట మా ఇంటి వెనక దడికి అవతలే. వేసవిలో అక్కడ రాలిన మామిడికాయలు ఏరుకుని, ఏదో ఒక సమాధి మీద కూర్చుని ఉప్పూ కారం అద్దుకు తినేదాన్ని.

దేవుణ్ణి నమ్మడం తరవాత మానేశాను. ఎవరితోనూ గొడవపడి మానలేదు. అమలాపురంలో ఒక ప్రైవేటు ల్యాబులో పద్దెనిమిదేళ్ళుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రోజూ మైక్రోస్కోపులో చూసి, ఉన్నది ఉన్నట్టు రాయడమే నా పని. ఆ పని చేస్తూ చేస్తూ, చూడనిదాని గురించి గట్టిగా చెప్పడం నాకు చేతకాకుండా పోయింది. నాన్నగారికి ఆ సంగతి తెలుసు. బాధపడ్డారు గానీ ఎప్పుడూ బలవంతం చేయలేదు. సెలవుకి ఇంటికి వెళ్తే ఆయన మందిరానికి వెళ్ళేవారు, నేను వంట చేసేదాన్ని.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. ఇందులో పేర్లు మార్చాను. మిగతాదేదీ మార్చలేదు.

దయామణిది మా ఊరే, నాన్నగారి సంఘమే. నాకంటే పదేళ్ళు చిన్నది. మస్కట్‌లో ఒక ఇంట్లో పనికి నాలుగేళ్ళు ఉండి వచ్చింది. భర్త ఏసుబాబు అంబాజీపేటలో కొబ్బరికాయలు వలిచే పనికి వెళ్తాడు. తొమ్మిదేళ్ళ కూతురు స్నేహ. మళ్ళీ మస్కట్ వెళ్ళడానికి మెడికల్ చేయించుకుంటే ఎక్స్‌రేలో మచ్చ కనిపించి అన్‌ఫిట్ చేశారు. ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేసి టీబీ అని తేల్చారు. ఆరు నెలలు మందులు వేసుకోమన్నారు. ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చి ఇచ్చేది.

రెండు నెలలు వేసుకుంది. ఆ రెండో నెల చివర్లో పక్క ఊరికి ఎవరో ప్రసంగీకుడు వచ్చి స్వస్థత కూడికలు పెట్టాడు. దయామణి మూడు రోజులూ వెళ్ళింది. మూడో రోజు ఆయన తలమీద నూనె రాసి ప్రార్థన చేస్తే, గుండెల్లోంచి వేడిగా ఏదో దిగిపోయిందట. మర్నాటి నుంచి దగ్గు లేదు.

ఆ ఆదివారం నాన్నగారి మందిరంలో నిలబడి తనకి నయమైందని సాక్ష్యం చెప్పింది. ఎవరో ఫోన్‌లో రికార్డు చేశారు. బుధవారానికల్లా అది గల్ఫ్‌లో ఉన్న మా ఊరివాళ్ళ గ్రూపుల్లోంచి తిరిగి తిరిగి నాకూ వచ్చింది. దయామణి ఏడుస్తూ మాట్లాడుతోంది. చివర్లో నాన్నగారి గొంతు, 'మన సహోదరిని దేవుడు పూర్తిగా స్వస్థపరిచాడు' అంటోంది.

తరవాతి ఆదివారం ఊరికి వెళ్ళాను. బ్యాగులో మా ల్యాబు డబ్బా ఒకటి వేసుకున్నాను. కఫం శాంపిల్ పట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బా, మరమూత ఉంటుంది. ప్రార్థన అయ్యాక దయామణి మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది. మనిషి ఒళ్ళు చేసింది, ముఖం కళగా ఉంది.

"మందులు వేసుకుంటున్నావా?" అని అడిగాను.

"లేదండి అక్కగారూ. ఆపేసేనండి. ఆయన బాగుచేసేక కూడా మందులేసుకుంటే ఆయన్ని నమ్మనట్టే కదండీ."

రెండు నెలలు సరైన మందులు పడితే ఎవరికైనా దగ్గు తగ్గుతుందనీ, పురుగు పూర్తిగా చావదనీ, నక్కి ఉంటుందనీ చెప్పాను. వినయంగా వింది. డబ్బా తీసి మూత మీద నల్ల మార్కరుతో ఆమె పేరు రాసి ఇచ్చాను.

"పొద్దున్నే లేవగానే, ఏమీ తినకుండా, గట్టిగా దగ్గి ఇందులో పట్టి పంపించు. పురుగు లేకపోతే మీ మందిరంలో నేనే నిలబడి చెప్తాను, దేవుడే బాగుచేశాడని."

"మీరు నిజంగా చెప్తారా అండి?"

"ఉన్నది ఉన్నట్టు చెప్తాను."

కాసేపు డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇస్తానండి, ఎప్పుడో ఒకప్పుడు" అని కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం నాన్నగారితో గట్టిగానే మాట్లాడాను. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని నాకు నేర్పింది మీరే కదా అన్నాను.

"తెలిసి చెబితే అబద్ధమమ్మా" అన్నారు.

"తెలుసుకునే వీలుండి కూడా తెలుసుకోకపోతే?"

ఆయన చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయారు. అన్నం సగం అలాగే ఉంది.

తరవాత నాలుగు నెలలకి దగ్గు మళ్ళీ మొదలైందని తెలిసింది. ఆశా కార్యకర్త వెళ్తే ఏసుబాబు తలుపు దగ్గరి నుంచే పంపేశాడట. ఇది విశ్వాసానికి పరీక్ష అని సంఘంలో అన్నారు, ఉపవాస ప్రార్థన పెట్టారు. నేను రెండుసార్లు ఫోన్ చేశాను. 'తగ్గుతుందండి' అంది రెండుసార్లూ. ఇక ఊరుకున్నాను. అది కూడా ఇక్కడ చెప్పాలి. అమలాపురం నుంచి మా ఊరు గంటన్నర దూరం, నేను వెళ్ళి ఉండొచ్చు. వెళ్ళలేదు.

ఇక ఆ రోజు సంగతి.

శ్రావణమాసం, మంగళవారం. తెల్లవారుజాము నుంచి సన్నగా వాన. మా ల్యాబు ఏడింటికి తెరుస్తాం. పరగడుపు రక్తపరీక్షల వాళ్ళు ఏడున్నర నుంచి ఎక్కువవుతారు, ఆ లోపల రిజిస్టరు, సూదులు, ట్యూబులు సర్దుకుంటాను. పక్క సందులోకి ఒక చిన్న అద్దాల కిటికీ ఉంది. శాంపిళ్ళు తెచ్చేవాళ్ళు లోపలికి రాకుండా అక్కడే ఇస్తారు.

కిటికీ మీద వేలితో తట్టిన చప్పుడైంది. అద్దం జరిపాను. దయామణి.

బాగా చిక్కిపోయింది. బుగ్గలు లోపలికి పోయి, కళ్ళు పెద్దవిగా కనిపించాయి. ఊదారంగు చీర, తలమీద కొంగు. చేతిలో నేనిచ్చిన డబ్బా.

"తెచ్చేనండి అక్కగారూ" అంది.

నాకు సంతోషమూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "ఇంత పొద్దున్నే ఎలా వచ్చేశావు? ఎవరు తీసుకొచ్చారు?"

"వచ్చేనండి."

చేతి తొడుగులు వేసుకుని డబ్బా అందుకున్నాను. లోపల శాంపిల్ ఉంది, నెత్తుటి చారలతో. మూత గట్టిగా బిగించి ఉంది. రిజిస్టరులో రాశాను. పేరు, వయసు, ఊరు, టైము ఏడూ ఇరవై. ఆ వరస ఇప్పటికీ రిజిస్టరులో ఉంది. ముందు వరసలో ఏడూ పదికి ఒక షుగరు పేషెంటు, తరవాతి వరసలో ఏడూ ముప్పై అయిదుకి ఇంకొకరు.

"ముందువైపుకి వచ్చి కూర్చో. గంటన్నరలో చెప్పేస్తాను" అన్నాను.

"చూడండి. ఏముంటే అది చెప్పండి. అయ్యగారికి కూడా అదే చెప్పండి" అంది. అయ్యగారంటే మా నాన్నగారు.

అంతే. అద్దం మూశాను. మొత్తం రెండు నిమిషాలు ఉంటుంది.

కాళ్ళు చూశారా అని తరవాత చాలామంది అడిగారు. ఆ కిటికీలోంచి ఎవరికీ నడుము కింద కనబడదు.

ముందువైపు బల్ల మీద ఆమె కనిపించకపోతే టీకి వెళ్ళిందేమో అనుకున్నాను. జనం మొదలయ్యారు. మధ్యలో స్లైడు తయారుచేశాను. ఆరబెట్టి, ఎర్రరంగు వేసి వేడిచేసి, ఆసిడ్‌తో కడిగి, నీలిరంగు వేశాను. పురుగు ఉంటే కడిగినా ఎరుపు వదలదు. తొమ్మిదింటికి మైక్రోస్కోపు కింద పెట్టాను. నీలం మీద ఎర్రటి సన్నని పుల్లలు, ఎక్కడ చూస్తే అక్కడ గుంపులుగా. త్రీ ప్లస్ అంటాం. అంతకు మించి రాయడానికి ఇంకేమీ లేదు.

బల్ల దగ్గరికి వెళ్ళి పేరు పిలిచాను. లేదు. టీ బడ్డీ దగ్గర చూశాను. లేదు. నాన్నగారికి ఫోన్ చేశాను. ఎత్తగానే ఆయన్ని మాట్లాడనివ్వలేదు.

"దయామణి వచ్చి శాంపిల్ ఇచ్చింది నాన్నగారూ. త్రీ ప్లస్. ఇంతకంటే ఎక్కువ ఉండదు. ఆ రికార్డింగు ఇంకా తిరుగుతూనే ఉంది. ఇప్పుడేం చెప్తారు?"

అటునుంచి, ఆయన వెనక ఎవరో ఏడుస్తున్నట్టు వినిపించింది.

"ఎప్పుడిచ్చిందమ్మా?" అన్నారు.

"ఏడూ ఇరవైకి."

"నేను వాళ్ళింట్లోనే ఉన్నాను తల్లీ. ఐదు గంటలప్పుడు నెత్తురు కక్కుకుంది. ఐదున్నరకి పోయింది. నా చేతుల్లోనే పోయింది."

పొరపాటు విన్నాననుకుని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పారు.

నేను అప్పుడు చేసిన పని రాస్తాను. వాడేసిన డబ్బాలన్నీ బ్లీచింగు నీళ్ళలో వేసి పసుపు సంచిలో పెడతాం. ఆ సంచి విప్పాను. డబ్బా ఉంది. మూత మీద నల్ల మార్కరుతో దయామణి పేరు, నా చేతిరాత. ఫొటో తీశాను. అది ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ఆ రోజు వేరే ఎవరిదీ కఫం శాంపిల్ లేదు, కాబట్టి స్లైడులు మారే వీలు లేదు. మా యజమానిని అడిగి కెమెరా చూశాను. మా కెమెరా బిల్లు కట్టే చోటుకి తిప్పి ఉంటుంది. ఏడూ ఇరవైకి అందులో నా వీపు కనిపిస్తుంది, కిటికీ దగ్గర వంగి, చెయ్యి బయటికి చాపి, ఏదో అందుకుని వెనక్కి తీసుకోవడం కనిపిస్తుంది. కిటికీ అవతల ఎవరున్నారో పడలేదు. తడిగుడ్డ పెడుతున్న సత్యవతిగారు, "ఎవరితోనో మాట్లాడతన్నారు కదండీ, నేను తలెత్తి చూళ్ళేదండి" అన్నారు.

పదకొండింటి బస్సెక్కాను.

వాళ్ళ ఇల్లు రెండు గదులు. ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. ఊదారంగు చీరే. అది పొద్దున స్నానం చేయించాక కట్టారా, ముందు నుంచీ కట్టుకునే ఉందా అని అక్కడున్న ఆడవాళ్ళని అడిగాను. రాత్రి నుంచీ అదే చీరని, కొంగంతా నెత్తురైతే తడిపి తుడిచామని చెప్పారు. ముఖం నేను పొద్దున చూసిన ముఖమే. అప్పటిదాకా నన్ను ఏదో నిలబెట్టింది. గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను.

డబ్బా సంగతి స్నేహ చెప్పింది. నాలుగింటికి అమ్మ లేపి, అలమార మీది డబ్బా అందించమందట. చాలాసేపు దగ్గి అందులో పట్టి, మూత తనే బిగించి, కిటికీలో పెట్టిందట. "ఇది అమలాపురంలో అక్కగారికి ఇవ్వాలి, ఇచ్చి తీరాలి అందండి" అంది ఆ పిల్ల. కిటికీలో డబ్బా లేదు. ఎప్పటినుంచి లేదో ఎవరికీ తెలియదు.

ఎవరైనా ఆమె మాట విని తెచ్చి ఇచ్చారేమోనని ఇరుగుపొరుగు ఎనిమిది ఇళ్ళు తిరిగాను. తరవాతి వారం మళ్ళీ తిరిగాను. ఆ పొద్దున అమలాపురం ఎవరూ వెళ్ళలేదు. ఏడూ ఇరవైకి నా కిటికీ దగ్గర ఉండాలంటే ఆరింటిలోపు ఊళ్ళో బయలుదేరాలి. ఆ గంటలో ఆ వీధి వీధంతా వాళ్ళ ఇంటి ముందే ఉంది.

ఆ సాయంత్రమే పాతిపెట్టారు. వానాకాలం మా సమాధుల తోటలో మూడడుగులు తవ్వితే నీళ్ళు వస్తాయి. నలుగురు బకెట్లతో తోడుతూనే ఉన్నారు, ఊరుతూనే ఉంది. పెట్టె దింపాక తేలకుండా ఇద్దరు వెదురు గడలతో అదిమి పట్టుకుంటే మట్టి వేశారు. నాన్నగారు ప్రార్థన చేశారు. ఆయన చేసిన ప్రార్థనల్లో అంత చిన్నది నేను ఎప్పుడూ వినలేదు.

ఇంటికొచ్చాక ఆయనకి అంతా చెప్పాను, ఫొటో చూపించాను. చాలాసేపు చూశారు.

"చనిపోయినోళ్ళు రారమ్మా. నేను నలభై ఏళ్ళు అదే చెప్పేను" అన్నారు.

"నేనూ అదే అనుకున్నాను నాన్నగారూ."

"నువ్వు అబద్ధం చెప్పవు."

ఫోన్ నా చేతికి తిరిగి ఇచ్చేశారు.

ఏసుబాబు మాత్రం గుండె ఆగి పోయిందనే అందరికీ చెప్పాడు. జబ్బు ఎప్పుడో పోయిందన్నాడు. భార్య దేవుడి ముందు నిలబడి చెప్పిన మాట అబద్ధమని ఒప్పుకోవడం అతని వల్ల కాలేదు. నాకు అప్పటికే వేరే భయం పట్టుకుంది. స్నేహ తల్లి పక్కనే పడుకునేది. పిల్ల మెడ మీద కాయ కట్టి ఉంది, నేను చేత్తో తడిమి చూశాను. పరీక్ష చేయిద్దాం అంటే ఏసుబాబు, "మా ఇంట్లో ఆ జబ్బు లేదండి" అని లేచి వెళ్ళిపోయాడు.

మూడో రోజు మందిరంలో ఇంటివాళ్ళని ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు. పన్నెండేళ్ళ తరవాత నేను ఆ మందిరంలో అడుగుపెట్టాను. ఆడవాళ్ళ వైపు చివరి చాప మీద కూర్చున్నాను. పాటలయ్యాక నాన్నగారు లేచారు. బైబిలు తెరవలేదు. బల్ల అంచు పట్టుకున్నారు.

"దయామణికి బాగైందని ఇక్కడే నిలబెట్టి చెప్పించేనండి. బాగైందో లేదో నాకు తెలీదు. తెలుసుకుందామని కూడా అనుకోలేదు. ఆ అమ్మాయి నన్నడిగింది, మందులు ఆపేయమంటారా అయ్యగారూ అని. నీ విశ్వాసం ప్రకారం చెయ్యమ్మా అన్నాను. వద్దు అనాల్సిందండి. వద్దంటే, పాస్టరుకే విశ్వాసం లేదనుకుంటారని భయపడ్డాను. నా భయానికి ఒక మనిషి పోయింది."

సంఘపెద్ద ప్రకాశంగారు మెల్లగా లేచి, "కూర్చోండి అయ్యగారూ. ఆదరణ కూడికలో ఇవేం మాటలండి" అన్నారు.

"కూర్చోనండి. అదే రోగం పిల్లక్కూడా ఉండొచ్చు. పరీక్ష చేయించాలి."

ఏసుబాబు నిలబడ్డాడు. "మా ఆవిడకి జబ్బు లేదండి. మీరే కదండీ పూర్తిగా పోయిందన్నారు."

"తప్పు చెప్పేనయ్యా. జబ్బు ఉంది. మా అమ్మాయి ల్యాబులో చూసింది."

"ఎప్పుడు చూసేరండి? శాంపిల్ ఎవరిచ్చేరండి?"

నాన్నగారు నావైపు చూడలేదు. నన్ను ఇందులోకి లాగకూడదని ఆయన బల్ల వైపే చూస్తూ నిలబడ్డారు. నేను మాట్లాడకపోతే, పాస్టరు తన కూతురి మాట మీద ఒక చనిపోయిన మనిషిని అబద్ధాలకోరు అంటున్నాడని అవుతుంది. మాట్లాడితే నాకు పిచ్చి అంటారు. ఎవరో తెచ్చి ఇచ్చారని ఒక్క మాట అంటే అందరికీ సరిపోయేది. కానీ అది నేను చూసినది కాదు.

లేచి నిలబడ్డాను. నాలుగింటికి డబ్బా పట్టడం స్నేహ చెప్పిందనీ, ఏడూ ఇరవైకి దయామణే నా చేతికి ఇచ్చిందనీ, తొమ్మిదింటికి స్లైడు చూశాననీ, అందులో ఏముందో చెప్పాను. ఫొటో ఉంది చూడొచ్చన్నాను. రిజిస్టరు ఉంది వచ్చి చూడొచ్చన్నాను. కూర్చున్నాను.

ముందు వరసలో ఒకావిడ స్తోత్రం అని పెద్దగా ఏడ్చింది. ఆ వెంటనే ఇంకో నలుగురు. ప్రకాశంగారు చెయ్యెత్తి, చనిపోయినవాళ్ళ వేషంలో వచ్చేది ఎవరో అందరికీ తెలుసు, ఇలాంటి మాటలు మందిరంలో చెప్పనివ్వకూడదన్నారు. దేవుడే పంపాడని ఒకరు, సాతాను పనని ఒకరు. వెనక నుంచి ఎవరో ఫోన్ ఎత్తి రికార్డు చేయబోతే నాన్నగారు వెళ్ళి ఆ ఫోన్ మీద చెయ్యి పెట్టారు.

"దీనికి ఎవరూ ఏ పేరూ పెట్టొద్దండి. మా అమ్మాయి చూసింది చెప్పింది. అదేంటో ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు. ఒకసారి తెలీకుండానే తెలుసన్నాను, చాలు. పిల్లని పరీక్షకి పంపండి."

జనం లేవడం మొదలుపెట్టారు. ఏసుబాబు నా దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆవిడే వచ్చిందాండీ?"

"నేను చూసింది ఆమెనే" అన్నాను.

మర్నాడు పొద్దున్నే స్నేహని తీసుకుని అమలాపురం వచ్చాడు. మెడ మీది కాయలోంచి సూదితో తీసి పరీక్ష చేశారు, టీబీయే. ఏసుబాబుకి లేదు. పిల్లకి ఆరు నెలలు మందులు పడ్డాయి. ఇప్పుడు బాగుంది, బడికి వెళ్తోంది.

నాన్నగారి సంఘంలో నలభై కుటుంబాలు ఉండేవి. ఇప్పుడు తొమ్మిది వస్తున్నాయి. మిగతావాళ్ళు ప్రకాశంగారి ఇంటి దగ్గర వేరే షెడ్డు వేసుకున్నారు. నాన్నగారి మందిరంలో ఎవరైనా స్వస్థత గురించి చెప్పాలంటే ముందు కాగితాలు చూపించాలి, మందులు ఆపలేదని చెప్పాలి. అందుకని ఎవరూ నిలబడడం లేదు. ఆయనకి డెబ్భై దాటాయి. ప్రార్థన మానలేదు. రోగుల కోసం ప్రార్థన చేసి, ఆ తరవాత మాత్ర వేసుకున్నారా అని అడుగుతారు.

నన్ను ఎక్కువగా బాధించేది ఇంకొకటి ఉంది. ఆ రోజు మందిరంలో నేను చెప్పినవాటిలో స్లైడు గట్టి ఆధారం. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. దాన్ని చూడడానికి ఒక్కరూ రాలేదు. చచ్చిపోయిన మనిషి వచ్చిందన్న మాట, నాకే నమ్మకం కుదరని మాట, దాన్నే పట్టుకున్నారు. ఏసుబాబు పిల్లని తీసుకొచ్చింది కూడా దానికే. రిపోర్టు కోసమైతే వచ్చేవాడు కాదు.

ఆధారం చూసి నమ్మకం మార్చుకోమని నాన్నగారిని నేనే అన్నాను. ఆయన ఆ వయసులో నలభై కుటుంబాల ముందు మార్చుకున్నారు. మరి నా సంగతేమిటని రాత్రీ పగలూ నన్ను నేను అడుగుతుంటాను. రిజిస్టరు నాది, రాత నాది, ఫొటో నాది. వేరే ఎవరైనా ఇలా చెబితే పని ఒత్తిడి అంటాను, నిద్రలేమి అంటాను. నాకు ఆ రోజు జ్వరం లేదు. ముందు రాత్రి బాగా నిద్రపోయాను. ఎవరో ముక్కూమొహం తెలియని ఆడమనిషి తెచ్చి ఇస్తే నేనే దయామణి అనుకున్నానా? అలాగైతే ఆమె నన్ను అక్కగారూ అని ఎందుకు పిలిచింది, ఇప్పటిదాకా ఎందుకు బయటపడలేదు? దేవుడు పంపాడని కూడా నా నోటితో అనలేను. పంపగలిగినవాడు ఆమెని బతికించలేకపోయాడా అన్న దగ్గర ఆగిపోతాను. లేదు, ఏమీ జరగలేదని కూడా ఇక అనలేను. ఆదివారాలు సెలవు దొరికితే ఊరికి వెళ్తున్నాను. చివరి చాప మీద కూర్చుంటున్నాను. పాడను, ప్రార్థన చేయను, ఊరికే కూర్చుంటాను. ఎందుకు అని నాన్నగారు అడగలేదు.

స్నేహని మూడు నెలలకోసారి ఆసుపత్రిలో చూపించి ఏసుబాబు మా ల్యాబుకి వస్తాడు. వచ్చినప్పుడల్లా, పిల్ల బయట ఉన్నప్పుడు, ఒకే మాట అడుగుతాడు.

"ఆ రోజు దగ్గుతోందాండీ?"

మొదటిసారి అతను అడిగేదాకా నేను ఆ సంగతి ఆలోచించనే లేదు. అంత ముదిరిన త్రీ ప్లస్ పేషెంట్లు దగ్గకుండా మూడు మాటలు వరసగా మాట్లాడలేరు. దయామణి సందులోకి నడిచొచ్చి, నా ముందు రెండు నిమిషాలు నిలబడి మాట్లాడింది.

"లేదు ఏసుబాబూ" అంటాను. "ఒక్కసారి కూడా దగ్గలేదు."

అతను తలూపుతాడు. కాసేపు ఆ కిటికీ వైపు చూసి, పిల్లని తీసుకుని వెళ్ళిపోతాడు. ఎందుకు దగ్గలేదని అతను నన్ను అడగడు.